దూలం మీద పేరు

మా ఇంటి పెద్ద తలుపు పైన ఒక ఓక్ దూలం ఉంది. దాని మీద జానెడేసి అక్షరాలతో “యోహాన్ బెర్న్‌ట్ ఎల్‌బ్రాక్, గెర్‌ట్రూడ్, దంపతులు, 1767” అని చెక్కి ఉంటుంది. పొలం నుంచి వచ్చి ఆ తలుపు దాటినప్పుడల్లా నేను టోపీ తీసేవాణ్ణి. వానలోనూ తీసేవాణ్ణి. రెండుసార్లు జలుబు ముదిరి మంచాన పడ్డాను, అయినా మానలేదు. ఎవరైనా చూస్తున్నారనుకుంటే ఇంకాస్త నిదానంగా తీసేవాణ్ణి.

నా పేరు లుడ్గర్ ఎల్‌బ్రాక్. మ్యూన్‌స్టర్‌కు పడమరగా ముప్పై కిలోమీటర్ల దూరంలో మా పొలం. జీవితమంతా పందులు పెంచాను, మొక్కజొన్న వేశాను. ఆ రెండు పనులూ నాకంటే బాగా చేసేవాళ్లు మా ఊళ్లో డజను మంది ఉన్నారు. ఇక చెప్పుకోవడానికి నాకు మిగిలింది వంశమొక్కటే. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే బాపతు మనిషిని. మా ఊళ్లో ఏటా కర్రతో చేసిన పిట్టను గురిచూసి పడగొట్టినవాణ్ణి ఆ ఏటికి రాజుగా ఎన్నుకునే తుపాకీ సంఘం ఒకటుంది. ఆ సంఘం విందులో మూడో గ్లాసు సారా దిగాక లేచి నిలబడి, “నాలుగు వందల ఏళ్లు. ఒకే పేరు, ఒకే నేల, ఒకే రక్తం” అని అందుకునేవాణ్ణి. జనం మెల్లగా కుర్చీలు జరుపుకుని బయటికి నడిచేవారు. నా మాటలకు గుండె చెరువై వెళ్తున్నారనుకునేవాణ్ణి.

మా వైపు పొలానికి పేరుంటుంది. మగపిల్లలు లేని ఇంట్లో ఆడపిల్లను చేసుకుని ఇల్లరికం వచ్చినవాడు, తన పేరు గుమ్మం బయట వదిలేసి పొలం పేరు పెట్టుకోవడం పాత ఆచారం. ఈ సంగతి నాకు తెలియక కాదు. పక్కిళ్ల విషయంలో చాలా బాగా తెలుసు. ఎవరి ముత్తాత ఇల్లరికపు అల్లుడో, ఎవరి అసలు పేరు ఏమిటో వేళ్లు మడిచి చెప్పేవాణ్ణి. మా ఇంటి గడపను మాత్రం ఆ ఆచారం తొక్కి ఉండదని నా నమ్మకం. 1612 నాటి పన్నుల జాబితాలో ‘ఎల్‌బ్రాక్’ అని ఉంది. నా గుర్తింపు కార్డు మీదా ‘ఎల్‌బ్రాక్’ అనే ఉంది. మధ్యలో ఏం జరిగిందో చూడాల్సిన అవసరం నాకెప్పుడూ కనబడలేదు.

చూడాల్సిన అవసరం 2018 ఫిబ్రవరిలో, ఒక ఆదివారం కాఫీ వేళ వచ్చిపడింది. మా ఆవిడ అడెల్‌హైడ్ వెన్న కేకు కోస్తోంది. మా ఒక్కగానొక్క కూతురు హెన్రిక, ఆమె పెళ్లాడబోయే టోర్‌స్టెన్ వోయ్‌టెక్ నా ఎదురుగా కూర్చున్నారు. పొలం పని ఇప్పుడు చూసేది హెన్రికే. టోర్‌స్టెన్ ఇళ్లలో వేడినీళ్ల బాయిలర్లు బాగుచేస్తాడు. రోజుకు ఓ పది మాటలు మాట్లాడతాడు. ఆ రోజు వాటిలో చాలావరకు ఒకేసారి వాడేశాడు.

“మీరు కాదనకపోతే, పెళ్లయ్యాక నేనే ఎల్‌బ్రాక్ అని పెట్టుకుంటానండీ.”

మాలో మొగుడూ పెళ్లాల్లో ఎవరి ఇంటిపేరైనా ఇద్దరూ పెట్టుకోవచ్చు. మగపిల్లలు లేని ఇంటి పేరు తానే నిలబెడతానని అల్లుడొచ్చి అంటే, ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. నేను చేతిలో ఫోర్కు కింద పెట్టాను.

“నీకు పేరు లేదా?”

“ఉందండీ. వోయ్‌టెక్.”

“మరి అది పెట్టుకో. పేరంటే పెళ్లికి అద్దెకు తెచ్చుకునే కోటు కాదు. అది రక్తంలో ఉండాలి.”

“మీ వాళ్ల రక్తం చుక్కైనా లేకుండానే ముప్పై తొమ్మిదేళ్లుగా నేను మోస్తున్నాగా,” అంది అడెల్‌హైడ్, నా పళ్లెంలో కేకు ముక్క పడేస్తూ. “దద్దుర్లేమీ రాలేదే.”

“ఆడవాళ్ల సంగతి వేరు.”

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆగితే నేనెందుకవుతాను. టోర్‌స్టెన్ వాళ్ల నాన్నమ్మ మార్తా, యుద్ధం ముగిశాక, తూర్పున మా దేశం పోగొట్టుకున్న సైలీషియా నుంచి జనాన్ని వెళ్లగొడితే, 1946లో చంకలో బిడ్డతో మా ఊరు చేరిన మనిషి. అధికారులు ఆమెకు మా ఇంట్లోనే, గుర్రాల కొట్టం పైనున్న గది ఇప్పించారు. పదహారేళ్లు మా వంటింట్లో చాకిరీ చేసింది. అదంతా తెలిసి కూడా అన్నాను.

“నిన్నగాక మొన్న బండి దిగినవాళ్లకు నాలుగొందల ఏళ్ల పేరు కావలసొచ్చింది.”

టోర్‌స్టెన్ కప్పు కింద పెట్టాడు. “డెబ్బై రెండేళ్లయిందండీ,” అన్నాడు. ఆ రోజుకు అతని మాటలు అయిపోయాయి.

హెన్రికకు నా కోపమే వచ్చింది, కాకపోతే వాళ్లమ్మ తెలివితో కలిసి వచ్చింది. అరవలేదు.

“సరే నాన్నా, తేల్చుకుందాం. చర్చి పుస్తకాలున్నాయి, రిజిస్ట్రారు రికార్డులున్నాయి. నువ్వెళ్లి మన రక్తం 1612 దాకా ఎక్కడా తెగలేదని చూపించు. చూపిస్తే టోర్‌స్టెన్ మళ్లీ ఆ పేరు ఎత్తడు. నేనే వోయ్‌టెక్ అవుతా. ఇద్దరం టౌన్లో ఇల్లు తీసుకుంటాం, పొలం నువ్వు ఎవరికి కౌలుకిచ్చుకుంటావో ఇచ్చుకో. ఒక్కచోట తెగినా సరే, నువ్వే అతని దగ్గరికెళ్లి పేరు పెట్టుకోమని అడగాలి.”

“ఓస్, అంతేగా,” అన్నాను.

వాళ్లు వెళ్లాక అడెల్‌హైడ్ కప్పులు సర్దుతూ అంది. “నువ్వు ఓడిపోతే నీ డాబు పోతుంది. గెలిస్తే కూతురు పోతుంది. అది బుర్రకెక్కిందా?”

నిజానికి ఎక్కలేదు. “గెలుపు గెలుపే,” అన్నాను.

“ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు,” అంటూ ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడే మ్యూన్‌స్టర్ రైలెక్కాను. పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ రాసిన పాత చర్చి పుస్తకాల ఫొటో ఫిల్ములు, రిజిస్ట్రారు ఆఫీసుల కట్టలు చూడనిచ్చే గది ఒకటి అక్కడుంది. గుడిలోకన్నా నిశ్శబ్దంగా ఉంటుంది. లోపల మనలాంటి వాళ్లే, అంటే పని లేని ముసలివాళ్లే, ఒక్కొక్కరూ ఒక్కో యంత్రం ముందు ముక్కు ఆనించి, పోయినవాళ్లకోసం వెతుకుతుంటారు. నేను వెళ్లి ఫిల్ము పెట్టి చూశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ పాత చేతిరాత చూస్తే కోడి సిరాలో కాలు ముంచి కాగితం మీద పరిగెత్తినట్టుంది. గంటసేపు ‘ఎల్‌బ్రాక్’ అనుకుని ఒక పేరు చూస్తూ కన్నీళ్లు పెట్టుకున్నాను. పక్క యంత్రం దగ్గర కూర్చున్న పెద్దావిడ వంగి చూసి, “అది ‘ఆవు’ అండీ. ఫాదర్‌గారి ఆవు చచ్చిపోయిందని పక్కన రాసుకున్నారు,” అంది.

ఆవిడ పేరు ఓటీలియ. మందుల షాపులో నలభై ఏళ్లు పనిచేసిందట. “డాక్టర్ల రాత చదివినదాన్ని, ఫాదర్ల రాతదేం లెక్క” అని కుర్చీ నా పక్కకు లాక్కుంది. అప్పటినుంచి మంగళ, గురువారాల్లో ఆవిడ చదవడం, నేను రాసుకోవడం. మధ్యాహ్నం నేను తెచ్చిన నల్లరొట్టె, పంది తొడ మాంసం చెరిసగం.

మొదటి రెండు వారాలూ నన్ను పట్టేవాళ్లు లేరు. 1874 నుంచి ప్రభుత్వం వాళ్లే పుట్టుకలూ చావులూ రాశారు గనక మా నాన్న, తాత, ముత్తాత వరసగా దొరికారు. దాని వెనక చర్చి పుస్తకాలు. అందరూ ఎల్‌బ్రాక్‌లే. వెళ్లినప్పుడల్లా ఇంటికొచ్చి వంటింటి గోడ మీద అంటించిన పెద్ద కాగితం మీద ఒక్కో పేరు ఎక్కించేవాణ్ణి. హెన్రిక చూసి చూడనట్టు వెళ్లేది. టోర్‌స్టెన్ ఆ గోడవైపు కూర్చోవడం మానేశాడు.

మార్చి మొదటి వారంలో 1812 వచ్చింది. అప్పుడు మా ప్రాంతం కొన్నాళ్లు ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండేది. పెళ్లిళ్లు వాళ్ల గుమాస్తా ముందు జరిగేవి, పెళ్లికొడుకు సంతకం పెట్టాలి. ఓటీలియగారు చదువుతూ చదువుతూ ఆగింది.

“పెళ్లికూతురు మరియా ఎల్‌బ్రాక్. పెళ్లికొడుకు యోహాన్ హైన్‌రిష్ ఫింకె, కూలివాడి కొడుకు. సంతకం చూడండి, తమాషాగా ఉంది.”

చూశాను. కింద వంకర అక్షరాలతో ‘ఫిం’ అని రాసి, దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన ‘ఎల్‌బ్రాక్’ అని రాసి ఉంది. సిరా మరక కూడా ఉంది.

“ఇల్లరికం,” అంది ఓటీలియగారు. “మన వైపు మామూలేగా.”

“మామూలే,” అన్నాను.

కాని రైల్లో ఇంటికొస్తుండగా నాకు జ్ఞానోదయమైంది. మరియా ఎల్‌బ్రాక్ ఆడబిడ్డే కావచ్చు, రక్తం రక్తమే కదా. రక్తం ఆడవాళ్లలో కూడా పారుతుందని అరవై అయిదో ఏట కనిపెట్టాను. ఆ రాత్రి భోజనాల దగ్గర మరియా ఎంత గొప్ప ఇల్లాలో పావుగంట చెప్పాను. ఆవిడ గురించి నాకు తెలిసింది పుట్టిన తేదీ ఒక్కటే.

“మొన్న ఆడవాళ్ల సంగతి వేరన్నావు?” అంది అడెల్‌హైడ్.

“వేరంటే గొప్ప అని.”

ఫింకె మాట ఎత్తలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. అడగకుండా చూసుకున్నాను.

మరియా తండ్రి హెర్మన్. హెర్మన్ తల్లిదండ్రులు మా దూలం మీదున్న యోహాన్ బెర్న్‌ట్, గెర్‌ట్రూడ్ దంపతులు. ఆ ఫిల్ము పెట్టేరోజు నేను మంచి చొక్కా వేసుకుని వెళ్లాను. ఇన్నాళ్లూ ఎవరికి టోపీ తీశానో ఆ మనిషిని కలవబోతున్నాను కదా.

ముందు సమాధుల పుస్తకం చూశాం. 1763 శరదృతువులో రక్త విరేచనాలు పట్టుకుని ఊరు సగం ఖాళీ అయింది. ఓటీలియగారు గొంతు తగ్గించి చదివింది. ఎల్‌బ్రాక్ పొలం యజమాని. అతని మొదటి భార్య పిల్లలు అయిదుగురు, ఒకరి తర్వాత ఒకరు, పంతొమ్మిది రోజుల్లో. ఆఖరివాడికి నాలుగేళ్లు. వాడి పేరు లుడ్గర్.

తర్వాత పెళ్లిళ్ల పుస్తకం, 1764 ఫిబ్రవరి. “గెర్‌ట్రూడ్, ఎల్‌బ్రాక్ రెండో భార్య, విధవ, సంతానం లేదు, పొరుగూరి గొర్రెల కాపరి కూతురు,” అని చదివి, ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. “పెళ్లికొడుకు యోహాన్ బెర్న్‌ట్. ఊరు తెలియదు. ఊరూరా తిరిగే జల్లెడలవాడి కొడుకు. ఇకమీదట ఎల్‌బ్రాక్ అని పిలవబడును.”

“ఇంకోసారి చదవండి.”

“ఎన్నిసార్లు చదివినా జల్లెడలేనండీ. చెక్క చట్రానికి గుర్రపు వెంట్రుకలు అల్లి అమ్ముకునేవాళ్లు.”

అంటే అసలు ఎల్‌బ్రాక్‌ల కథ నాలుగేళ్ల పిల్లాడితో ముగిసింది. ఖాళీ ఇంట్లోకి గొర్రెల కాపరి కూతురూ జల్లెడలవాడి కొడుకూ చేరారు. పొలానికి పేరు ఉంది, తగిలించుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి దూలం మీద జానెడేసి అక్షరాలు చెక్కించారు. ఇప్పుడు అర్థమైంది ఆ అక్షరాలు అంత పెద్దవి ఎందుకో. కొత్తగా పేరు దొరికినవాడే అంత లోతుగా చెక్కిస్తాడు. ఏటి పుట్టుక, రుషి పుట్టుక అడగకూడదంటారు. నేను రైలు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి మరీ అడిగాను.

సామాను సర్దుకుంటుంటే ఓటీలియగారు అడిగింది. “ఆ పిల్లల పేర్లు రాసుకోరా?”

“వాళ్లు మా వంశం కాదుగా.”

“ఇన్నాళ్లూ నాలుగొందల ఏళ్లని మీరు చెప్పుకున్నది వాళ్ల బలంతోనే కదండీ.”

సిగ్గేసింది. కూర్చుని అయిదు పేర్లూ రాసుకున్నాను. తర్వాత ఆవిణ్ణి మెల్లగా, ఈ సంగతి ఇంకెవరికైనా తెలిసే అవకాశం ఉందా అని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

“ఈ పుస్తకం రెండొందల యాభై ఏళ్లుగా నోరు మూసుకునే ఉంది. నేనూ మందుల షాపు దాన్ని, ఎవరి రోగమూ ఇంకొకరికి చెప్పే అలవాటు లేదు. మీ ఇష్టం,” అంది ఓటీలియగారు.

నా ఇష్టం ఏమిటో వినండి. టౌన్లో ఒక బోర్డులు రాసే ఆర్టిస్టుకు రెండు మీటర్ల వంశవృక్షం అప్పటికే పురమాయించి ఉన్నాను. అతనికి ఫోన్ చేసి, 1763 దగ్గర ఒక గులాబీ పువ్వు వేయమన్నాను.

“ఒక్కచోటేనా? అన్ని కొమ్మలకూ వేస్తే బావుంటుందండీ.”

“ఒక్కచోటే. కాస్త పెద్దది వెయ్యండి.”

ఏప్రిల్‌లో ఆ పటం వచ్చింది. ముందుగదిలో గోడకు తగిలించాను. హెన్రిక వచ్చి కింద నుంచి పై దాకా చూసింది. ఆమె గులాబీ వైపు చూడను కూడా లేదు.

“సరే నాన్నా. నువ్వే గెలిచావు,” అంది. అరిచినా బావుండేది. ఆ సాయంత్రం నుంచి అటక మీది పెట్టెలు కిందికి దిగడం మొదలైంది. టౌన్లో ఇల్లు కూడా చూసుకున్నారు. మే మొదటి శుక్రవారం రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి, శనివారం సామాను లారీ.

అడెల్‌హైడ్ మాత్రం పటం ముందు చాలాసేపు నిలబడింది. “ఈ పువ్వేంటి?”

“అందానికి.”

“అందం కోసం నువ్వు ఒక్క పని చేయడం నేను చూళ్లేదు. మన పెళ్లికి బూట్లు కూడా తుడుచుకోలేదు నువ్వు.” అంతకుమించి అడగలేదు. ఆవిడ అడగనప్పుడే నాకు ఎక్కువ భయం.

పదకొండు రోజులు గెలిచినవాడిలా తిరిగాను. అన్నం సహించలేదు. తలుపు దాటినప్పుడు టోపీ మీదికి చెయ్యి తనంతట తానే వెళ్లేది, మధ్యలో ఆగిపోయేది, చెవి గోక్కుని వచ్చేసేవాణ్ణి.

పన్నెండో రోజు ఉదయం నేలమాళిగలో చప్పుడైతే దిగాను. టోర్‌స్టెన్ మా బాయిలర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ప్రతి మీటకూ చీటీ కడుతున్నాడు. ‘చలి ఎక్కువైతే ఇది’, ‘దీన్ని ముట్టుకోవద్దు’ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు.

“మేం వెళ్లాక మీరిద్దరూ ఇబ్బంది పడకూడదని,” అన్నాడు, ఏదో తప్పు చేస్తూ దొరికినవాడిలా.

నోటికొచ్చింది అడిగేశాను. “అసలు నీకు ఆ పేరు ఎందుకు కావాలయ్యా?”

అతను చీటీ ముడి వేయడం పూర్తిచేసి చెప్పాడు. అన్ని మాటలు ఒక్కసారి అతని నోట వినడం నాకదే మొదలు.

“చివర్లో మా నాన్నమ్మకు మతి పోయిందండీ. మా నాన్నను గుర్తుపట్టేది కాదు. ఆసుపత్రిలో నర్సు వచ్చి పేరేంటమ్మా అంటే, ఎల్‌బ్రాక్ వాళ్ల మార్తా అనేది. వోయ్‌టెక్ అంటే, వాళ్లెవరు అనేది. పుట్టినూరు, మొగుడు, అన్నీ పోయాయి, అదొక్కటే మిగిలింది. ఊళ్లో పదహారేళ్లు అందరూ అలాగే పిలిచారు కదా. కాగితాల మీద మాత్రం ఎక్కడా లేదు. నాకు దొరికితే ఆమెకూ దొరికినట్టుంటుందని అనుకున్నా. అంతేనండీ.”

మార్తా చెయ్యి నాకు గుర్తొచ్చింది. మా అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు చేసి రెండేళ్లు ఆసుపత్రిలో ఉంది. అప్పుడు నాకు మూడేళ్లు. పాలలో నానబెట్టిన రొట్టెలో గసగసాలు కలిపి, చెంచా నా నోటి దగ్గర పెట్టి, “తిను, ఎల్‌బ్రాక్, తిను” అనేది ఆవిడ. నాకు నా పేరు నేర్పింది ఆవిడే. ఆ మనిషి మనవణ్ణి పట్టుకుని నిన్నగాక మొన్న బండి దిగావన్నాను. ఏడుపొచ్చింది. బాయిలర్ పొగ అని చెప్పే వీలు కూడా లేదు, దాన్ని అతనే బాగుచేశాడు.

“పైకి రా,” అన్నాను.

వంటింట్లోంచి కత్తి తీసుకుని ముందుగదిలోకి నడిచాను. చేతిలో కత్తి చూసి అడెల్‌హైడ్ లేచి నిలబడింది, పెట్టె మోస్తున్న హెన్రిక గుమ్మంలో ఆగిపోయింది. పటం మీది గులాబీని గీకేశాను. రంగు మందంగా వేశాడు మహానుభావుడు, రాలడానికి చాలాసేపు పట్టింది. కింద ఖాళీ కాగితం బయటపడింది.

“ఇక్కడ తెగింది,” అన్నాను. ఫింకెతో మొదలుపెట్టి అంతా చెప్పాను. అయిదుగురు పిల్లలు, గొర్రెల కాపరి కూతురు, జల్లెడలు. జేబులోంచి కాగితం తీసి, నాలుగేళ్ల లుడ్గర్ దాకా ఒక్కో పేరూ చదివాను.

“జల్లెడలా?” అంది చివరికి హెన్రిక.

“జల్లెడలే.”

ఆమె పెట్టె కింద పెట్టి, దాని మీదే కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. అడెల్‌హైడ్ నవ్వలేదు. “జల్లెడ పోయి సూదిని వెక్కిరించిందని ఊరికే అన్నారా,” అంటూ నా చేతిలోంచి కత్తి తీసుకుంది. “నాలుగొందల ఏళ్లట. తుపాకీ సంఘం వాళ్లు ఎన్నిసార్లు లేచిపోయారో, పాపం.”

నేను టోర్‌స్టెన్ వైపు తిరిగాను. “పందెం ప్రకారం నేనే అడగాలి. అడుగుతున్నా. మా ఇంటిపేరు పెట్టుకో.”

అతను తల అడ్డంగా ఊపాడు. “పందెం కోసమైతే వద్దండీ.”

ఈ జవాబు నేను ఊహించలేదు. పేరు నాది, ఇవ్వడం నా ఇష్టం అన్న లెక్కలోనే ఇంకా ఉన్నాను.

“పందెం కోసం కాదు. మీ నాన్నమ్మ నాకు అన్నం పెట్టింది. నేనన్న మాట ఆవిడ వింటే చెంచా తిరగేసి కొట్టేది. తప్పయింది టోర్‌స్టెన్.”

“ఆలోచిస్తానండీ,” అన్నాడు. బాయిలర్ దగ్గరికి వెళ్లిపోయాడు. చీటీలు విప్పుతాడేమోనని చెవి పెట్టి విన్నాను. ఏమీ తెలియలేదు. పెట్టెలు అటకకు ఎక్కలేదు, అలాగని కొత్తవి దిగనూ లేదు.

మే మొదటి శుక్రవారం దాకా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. రిజిస్ట్రారు ఆఫీసుకు పంపిన ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశారని మాత్రం అడెల్‌హైడ్ చెప్పింది. పెళ్లిరోజు ఉదయం నేను బూట్లు తుడుచుకున్నాను. ఆవిడ చూసి నా టై సరిచేసింది.

ఆఫీసులో రిజిస్ట్రారమ్మ చదవాల్సినవి చదివింది, ఇద్దరూ ఒప్పుకుంటున్నామన్నారు. “ఇంటిపేరు?” అని ఆవిడ తలెత్తింది. కుర్చీ పట్టె గట్టిగా పట్టుకున్నాను. వోయ్‌టెక్ అంటే చప్పట్లు కొట్టాలని ఇంటి దగ్గరే నిశ్చయించుకున్నాను. రెండుసార్లు అభ్యాసం కూడా చేశాను.

టోర్‌స్టెన్ హెన్రిక వైపు చూశాడు. తర్వాత, ఎందుకో, నా వైపు చూశాడు.

“ఎల్‌బ్రాక్,” అన్నాడు.

అడెల్‌హైడ్ నా చేతిలో రుమాలు పెట్టింది. నేను ముక్కు చీదిన చప్పుడు ఆ గది మొత్తం వినబడింది.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ అక్కడికక్కడే ఆ పేరుతో సంతకం పెట్టాలి. హెన్రిక చకచకా పెట్టేసింది, ఆమెకేం, ముప్పై ఆరేళ్ల అలవాటు. టోర్‌స్టెన్ కలం తీసుకుని వంగాడు. బాయిలర్లు విప్పే ఆ పెద్ద చెయ్యి ఒక్క అక్షరం రాసి ఠక్కున ఆగిపోయింది. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడ్డాడు. అలవాటు కొద్దీ ‘వో’ అని రాసేశాడు.

“కాగితం పాడుచేశానండీ,” అన్నాడు రిజిస్ట్రారమ్మతో. ఆవిడ కొత్త కాగితం కోసం సొరుగు లాగబోయింది.

నేను లేచి అతని పక్కకు వెళ్లాను. ఆ కాగితం మీద నాకు ఫింకె సంతకం కనబడింది, సిరా మరకతో సహా.

“పాడవలేదు,” అన్నాను. “దాని మీద ఒక గీత కొట్టి పక్కన రాసెయ్, బాబూ. మనింట్లో అందరూ అలాగే రాశారు.”